ఫ్రాంక్‌ఫర్ట్ చూడబోయేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లివచ్చే తెలుగువాళ్లలో చాలామందికి ఫ్రాంక్‌ఫర్ట్ అంటే ఒక పెద్ద విమానాశ్రయం, అంతే. ఊరు మాత్రం అక్కడి నుంచి రైల్లో పావుగంట దూరం. జర్మనీలో ఇంతకంటే అందమైన ఊళ్లు ఉన్నాయి, అది ముందే ఒప్పుకోవాలి. కానీ బ్యాంకుల టవర్ల నీడలో ఆరొందల ఏళ్ల నగరసభ భవనం, అక్కడి నుంచి నడిచివెళ్లే దూరంలో మ్యూజియాల వరుస ఉన్న ఊరు అక్కడ ఇదొక్కటే. పర్యాటకులు ఇక్కడ తిప్పలు పడేది చూడ్డానికి ఏమీ లేక కాదు. టికెట్టు, ఆదివారం, నీళ్ల సీసా లాంటి చిన్న చిన్న సంగతులు తెలియక.

అమెరికా వీసా ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారే మధ్యలో ఎనిమిది గంటలు ఖాళీ. ఊళ్లోకి వెళ్లి రావచ్చా?

జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా లేకపోతే వెళ్లలేరు. అమెరికా వీసా విమానాశ్రయం లోపల విమానం మారడానికి పనికొస్తుంది గానీ, ఇమిగ్రేషన్ గేటు దాటించదు. భారత పాస్‌పోర్టు మీద ఊళ్లో అడుగుపెట్టాలంటే షెంగెన్ వీసా గానీ, ఏదైనా షెంగెన్ దేశపు నివాస అనుమతి గానీ ఉండాల్సిందే.

ఉంటే మాత్రం ఎనిమిది గంటలు బాగానే సరిపోతాయి. దిగి ఇమిగ్రేషన్ దాటడానికి ఒక గంట, ఊరికి రానూపోనూ మరో గంట, తిరిగి భద్రతా తనిఖీకి, పాస్‌పోర్టు తనిఖీకి కనీసం రెండు గంటలు తీసేయండి. నాలుగు గంటలు మిగులుతాయి. రోమర్ చౌరస్తా, కొత్తగా కట్టిన పాత ఊరు, నది మీద ఇనుప వంతెన, ఒక భోజనం: ఇవి హాయిగా అయిపోతాయి. ఆరు గంటల కంటే తక్కువ ఉంటే బయటికి వెళ్లకపోవడమే మంచిది.

షెంగెన్ వీసాకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. ఆఖరి గడువు దాకా ఆగితే పని జరగదు. వేసవి సెలవుల ముందు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, వేలిముద్రలు అక్కడే ఇవ్వొచ్చు. పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఉచితం. వీఎఫ్ఎస్ సేవా రుసుము వేరు.

దరఖాస్తులు వెనక్కి వచ్చేది తరచుగా ఈ కారణాల వల్ల: పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లుబాటు కాకపోవడం, బీమా 30,000 యూరోల కంటే తక్కువకు ఉండటం లేదా ఆఖరి రోజును కలుపుకోకపోవడం, ఎక్కువ రోజులు వేరే దేశంలో ఉంటూ జర్మనీకి దరఖాస్తు పెట్టడం. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. అన్ని చోట్లా సమానమైతే మొదట దిగే దేశానికి. ఇంకో మాట: బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా పడ్డ పెద్ద మొత్తం మేలు కంటే అనుమానమే ఎక్కువ తెస్తుంది.

‘ఫ్రాంక్‌ఫర్ట్’ అని బుక్ చేస్తే వేరే చోటికి వెళ్లే ప్రమాదం ఉందా?

ఉంది, రెండు రకాలుగా. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు. మీకు కావాల్సింది మైన్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ ఆమ్ మైన్. ఓడర్ నది ఒడ్డున, పోలండ్ సరిహద్దులో ఇంకొకటుంది. రైలు టికెట్టు కొనేటప్పుడు పేరు చివర ‘మైన్’ ఉందో లేదో చూసుకోండి.

రెండోది ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ విమానాశ్రయం. చవక విమానాలు అక్కడ దిగుతాయి. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నా అది ఊరికి దాదాపు 120 కిలోమీటర్ల దూరం. విమానం టికెట్టులో మిగిలిన డబ్బు బస్సుకీ, సగం రోజుకీ పోతుంది. అసలు విమానాశ్రయం కోడ్ ఎఫ్ఆర్ఏ. హాన్‌ది హెచ్‌హెచ్ఎన్.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

ట్యాక్సీ అక్కర్లేదు. ఎస్-బాన్ అనే లోకల్ రైలు చాలు. రైల్వే స్టేషన్లు టెర్మినల్ 1ను ఆనుకునే ఉన్నాయి. మీ విమానం వేరే టెర్మినల్‌కు వస్తే ముందు స్కైలైన్ రైల్లోనో షటిల్ బస్సులోనో టెర్మినల్ 1కి చేరాలి.

ఇక్కడ రెండు స్టేషన్లున్నాయన్నది గుర్తుంచుకోండి. రెగియోనాల్‌బాన్‌హోఫ్ టెర్మినల్ 1 కిందే ఉంటుంది, ఊళ్లోకి వెళ్లే రైళ్లు అక్కడే. ఫెర్న్‌బాన్‌హోఫ్ కొంచెం దూరం నడిస్తే వస్తుంది, అది కొలోన్, మ్యూనిక్ లాంటి దూరపు ఊళ్లకు వెళ్లే ఐసీఈ వేగ రైళ్లది. పెట్టెలు లాక్కుంటూ ఫెర్న్‌బాన్‌హోఫ్‌కు వెళ్లి ఎస్-బాన్ కోసం వెతికేవాళ్లు రోజూ కనిపిస్తారు.

ఎక్కాల్సినవి ఎస్8, ఎస్9. బోర్డు మీద హానావ్ అనో ఓఫెన్‌బాఖ్ అనో ఉంటే అది ఊరి వైపు వెళ్తుంది. వీస్‌బాడెన్ అని ఉంటే ఎదురు దిక్కు. ప్రధాన స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ పావుగంటలోపు వస్తుంది. హోటల్ ఊరి నడిబొడ్డున ఉంటే అక్కడ దిగకుండా అదే రైల్లో ముందుకెళ్లి టౌనుస్ఆన్‌లాగె, హౌప్ట్‌వాఖె, కాన్‌స్టాబ్లర్‌వాఖెల్లో ఏది దగ్గరైతే అక్కడ దిగండి.

టికెట్టు కొన్నాక మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలా? కొన్నిచోట్ల అలా అంటారు, ఇక్కడ మెషీన్ కనిపించదేం?

మ్యూనిక్, బెర్లిన్‌లలో వేయించాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అక్కర్లేదు. ఇక్కడి రవాణా సంస్థ ఆర్ఎంవీ. దాని మెషీన్‌లో కొన్న సింగిల్ టికెట్టు కొన్న క్షణం నుంచే చెల్లుతుంది, వెంటనే బయల్దేరాలి. అందుకే ఉదయమే సాయంత్రపు టికెట్టు కూడా కొని జేబులో పెట్టుకుందామంటే కుదరదు. సాయంత్రానికి అది చెల్లని కాగితం.

స్టేషన్లలో గేట్లుండవు. ఎవరూ ఆపరు కదా అని టికెట్టు లేకుండా ఎక్కకండి. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీ సిబ్బంది రెండు స్టేషన్ల మధ్య ఒక్కసారిగా లేచి కార్డు చూపిస్తారు. జరిమానా 60 యూరోలు. ‘కొత్తవాళ్లం, తెలియదు’ అన్న మాట అక్కడ నడవదు. చాలామంది దొరికేది టికెట్టు లేక కాదు, తప్పు టికెట్టు ఉండి. ఊరి టికెట్టు విమానాశ్రయానికి చెల్లదు. మెషీన్‌లో గమ్యం ‘ఫ్లుగ్‌హాఫెన్’ అని ఎంచుకునే కొనాలి. ఊళ్లో ఒక ప్రయాణం నాలుగు యూరోలకు అటూఇటూగా ఉంటే, విమానాశ్రయానికి ఆరుకు పైనే. ట్రామ్‌లలో టికెట్లు అమ్మరు. ఎక్కే ముందే ఆగే చోటున్న మెషీన్‌లోనో, ఆర్ఎంవీ యాప్‌లోనో కొనండి. యాప్‌లోనూ అంతే, రైలెక్కాక కొంటే చెల్లదు.

డే పాస్, ఫ్రాంక్‌ఫర్ట్ కార్డు, డాయిచ్‌లాండ్ టికెట్. ఏది లాభం?

మనుషుల లెక్కను బట్టి. ఒక్కరు రోజుకు రెండుసార్లకు పైగా రైలెక్కితే డే పాస్. కుటుంబమైతే ఐదుగురి దాకా చెల్లే గ్రూప్ డే పాస్. ఇద్దరున్నా ఇదే సాధారణంగా చవక. ఫ్రాంక్‌ఫర్ట్ కార్డు ఒక రోజుకీ రెండు రోజులకీ దొరుకుతుంది, ఒక్కరికీ, ఐదుగురి దాకా బృందానికీ. విమానాశ్రయం రాకపోకలు కూడా దాంట్లో కలిసే ఉంటాయి, మ్యూజియాల్లో తగ్గింపు అదనం. దిగిన రోజే కొని తిరగబోతే ఇదే తేలిక.

డాయిచ్‌లాండ్ టికెట్ జర్మనీ అంతటా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు అన్నిటికీ నెలకు ఒక్కటే. 2026 జనవరి నుంచి ధర 63 యూరోలు. వారం పది రోజులు వేర్వేరు ఊళ్లు తిరిగేవారికి దీన్ని మించింది లేదు. అయితే ఇది నెలనెలా తనంతట తానే పునరుద్ధరించుకునే చందా. ఆ నెల పదో తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. ఇంటికొచ్చాక కార్డు స్టేట్‌మెంట్‌లో చూసి ఉలిక్కిపడే ఖర్చు ఇదే. ఐసీఈ, ఐసీ రైళ్లకు ఇది చెల్లదు.

హోటల్ ధరలు ఒక వారం 80, మరో వారం 300 యూరోలు చూపిస్తున్నాయి. ఎందుకలా?

వాణిజ్య ప్రదర్శనల వల్ల. మెస్సె అనే ప్రదర్శనశాల ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. ఫిబ్రవరిలో ఆంబియెంటె, అక్టోబర్‌లో పుస్తక ప్రదర్శన, సరిసంఖ్య ఏళ్లలో సెప్టెంబర్‌లో ఆటోమెకానికా. ఆ రోజుల్లో ఊరంతా నిండిపోతుంది. ముందు మెస్సె క్యాలెండర్ చూసి, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనండి. తేదీలు మార్చలేకపోతే మైన్జ్‌లోనో దార్మ్‌స్టాట్‌లోనో గది తీసుకోండి. ఎస్-బాన్ దూరమే.

ఇది ఉద్యోగుల ఊరు కాబట్టి ప్రదర్శనలు లేని శుక్ర, శనివారాల్లో రేట్లు తగ్గుతాయి. పర్యాటక ఊళ్లకు ఇది పూర్తిగా తిరగేసిన లెక్క. బిల్లులో మనిషికి రాత్రికి 2 యూరోలు పర్యాటక రుసుము కలుస్తుంది. ఆఫీసు పని మీద వచ్చినవారికి అది లేదు, కంపెనీ లేఖ చూపిస్తే చాలు. జూలై, ఆగస్టుల్లో వస్తే గదిలో ఏసీ ఉందో లేదో ప్రత్యేకంగా చూసుకోండి, ఏసీ లేని హోటళ్లు ఇక్కడ మామూలే.

స్టేషన్ చుట్టుపక్కల ప్రమాదకరమంటారు. అక్కడ గది తీసుకోవచ్చా?

బాన్‌హోఫ్స్‌ఫియర్టెల్ అంటారు ఆ పేటను. స్టేషన్ ఎదుట నాలుగైదు వీధులు: బహిరంగంగా మాదకద్రవ్యాలు వాడేవాళ్లు, రెడ్‌లైట్ ఇళ్లు, వాటి పక్కనే మంచి భోజనశాలలు, బ్యాంకు ఉద్యోగులు. మొదటిసారి చూసినవారికి జర్మనీ ఇదేనా అనిపిస్తుంది. దారినపోయేవారి జోలికి రావడం అరుదు. జేబుదొంగలు మాత్రం ఉన్నారు, ముఖ్యంగా స్టేషన్ లోపల, ఎస్కలేటర్ల మీద.

చౌక గదులు అక్కడే ఎక్కువ. కైజర్‌స్ట్రాస, మ్యూన్షెనర్‌స్ట్రాసల మీద పగలూ సాయంత్రమూ ఇబ్బంది ఉండదు. టౌనుస్‌స్ట్రాస, నిడ్డాస్ట్రాస, ఎల్బెస్ట్రాస, మోజెల్‌స్ట్రాసల్లోకి రాత్రిపూట వెళ్లకండి. పెద్దవాళ్లనూ పిల్లలనూ తీసుకెళ్తుంటే స్టేషన్ దక్షిణం వైపు వీధుల్లో గానీ, నది దాటి జాక్సెన్‌హౌజెన్‌లో గానీ తీసుకోండి. రాత్రి దిగేవారైతే అసలే ఆలోచించక్కర్లేదు, జాక్సెన్‌హౌజెనే.

ఎన్ని రోజులు కావాలి, ఏం చూడాలి?

రెండు రోజులు. మూడో రోజు పక్క ఊళ్లకు.

మొదటి రోజు అంతా నడకే. రోమర్‌బెర్గ్ చౌరస్తాతో మొదలుపెట్టండి. మెట్ల ఆకారపు ముఖభాగాలున్న రోమర్ భవనం 1405 నుంచి నగరసభ. దానికి ఎదురుగా ఉన్న చెక్క చట్రాల ఇళ్లను చూసి అందరూ మధ్యయుగానివని ఫొటోలు తీస్తారు. అవి 1980ల్లో కట్టినవి. 1944 మార్చి బాంబుదాడుల్లో పాత ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. అక్కడి నుంచి డోమ్ చర్చి దాకా ఉన్న సందులు ఇంకా కొత్తవి. ఆ చోట 1970ల్లో నగరపాలక సంస్థ పెద్ద కాంక్రీటు ఆఫీసు కట్టింది. దాన్ని కూల్చి, 2018 కల్లా 35 ఇళ్లతో పాత ఊరిని మళ్లీ లేపారు. వాటిలో 15 పాత ఇళ్లకు అచ్చమైన ప్రతిరూపాలు, మిగతావి పాత కొలతల్లో కొత్త డిజైన్లు. కొందరు దీన్ని సినిమా సెట్టింగ్ అని తీసిపారేస్తారు. ఏది ప్రతిరూపం, ఏది కొత్తది అని పోల్చుకుంటూ నడిస్తే మాత్రం ఊళ్లో ఇంతకంటే ఆసక్తికరమైన గంట దొరకదు.

డోమ్‌లో 1562 నుంచి 1792 దాకా పవిత్ర రోమన్ చక్రవర్తుల పట్టాభిషేకాలు జరిగాయి. టవర్ ఎక్కాలంటే 328 మెట్లు, ఇరుకు మర మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు వదిలేయండి. రోమర్‌కు అవతల వైపు గుండ్రంగా ఉన్న పౌల్స్‌కిర్షె కనిపిస్తుంది. ఎన్నికైన మొదటి జర్మన్ పార్లమెంటు 1848 మే 18న కూర్చున్నది అందులోనే. ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి నాలుగైదు నిమిషాల్లో జర్మన్ మహాకవి గెతె పుట్టిన ఇల్లు. ఇప్పుడున్నది యుద్ధం తర్వాత మళ్లీ కట్టిందే. ముందే దాచిపెట్టిన సామాను మాత్రం అసలుది.

సాయంత్రం ఐజర్నర్ ష్టెగ్ అనే ఇనుప పాదచారుల వంతెన మీదికి వెళ్లండి. టవర్ల వరుస బాగా కనిపించేది దాని మీద నుంచీ, అవతలి ఒడ్డు నుంచీ.

రెండో రోజు ఉదయం మ్యూజియాలు. నది దక్షిణపు ఒడ్డున వరుసగా ఉన్నవాటిలో ఒక్కటే చూడగలిగితే ష్టేడెల్ అనే చిత్రకళా మ్యూజియం చూడండి. 1815లో ఒక బ్యాంకర్ వీలునామాతో మొదలైంది. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ‘భూగోళ శాస్త్రజ్ఞుడు’ ఇక్కడే ఉంది. పిల్లలుంటే ష్టేడెల్ బదులు జెంకెన్‌బెర్గ్ మ్యూజియం, డైనోసార్ అస్థిపంజరాలు వాళ్లకు బాగా నచ్చుతాయి. రెండు రోజులు వరుసగా మ్యూజియాలే చూసేవారికి మ్యూజియమ్స్‌ఊఫర్ టికెట్ ఉంది, దాంతో దాదాపు నలభై మ్యూజియాలు తిరగొచ్చు. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. జెంకెన్‌బెర్గ్ తెరిచే ఉంటుంది.

ఎక్కువమంది చూడకుండా వదిలేసే చోటొకటుంది: బాటన్‌స్ట్రాసలో పాత యూదుల శ్మశానపు గోడ. గోడ పొడవునా చిన్న చిన్న ఉక్కు దిమ్మెలు, ఒక్కో దాని మీద నాజీలు బలిగొన్న ఒక ఫ్రాంక్‌ఫర్ట్ యూదుడి పేరు. మొత్తం 11,000కు పైనే. అన్నే ఫ్రాంక్ పేరూ ఉంది, ఆమె పుట్టింది ఈ ఊళ్లోనే, 1929లో. టికెట్టు లేదు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. డోమ్ నుంచి నడిచే దూరమే.

ఆకాశహర్మ్యాలు ఎక్కి చూడొచ్చా?

మెయిన్ టవర్ ఒక్కటే మామూలు జనానికి తెరిచి ఉంటుంది. 200 మీటర్లు, పైకప్పు మీద బయట నిలబడి చూడొచ్చు. టికెట్టు పది యూరోల చుట్టుపక్కల. గాలి గట్టిగా వీచినా, ఉరుములొచ్చినా పైభాగం మూసేస్తారు, కాబట్టి వాతావరణం చూసుకుని వెళ్లండి. సూర్యాస్తమయానికి గంట ముందు చేరితే పగలూ రాత్రీ రెండూ దక్కుతాయి. జూన్‌లో అంటే రాత్రి ఎనిమిదిన్నరకు. డిసెంబర్‌లో మూడున్నరకే. పక్కనున్న కామెర్జ్‌బ్యాంక్ టవర్ 259 మీటర్లతో ఊళ్లోకెల్లా ఎత్తైనది, 1997లో పూర్తయింది.

విల్లీ-బ్రాంట్-ప్లాట్జ్‌లో పెద్ద నీలం యూరో గుర్తు దగ్గర ఫొటో దిగి ‘ఇదే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్’ అని పెట్టేస్తుంటారు. బ్యాంకు ప్రధాన కార్యాలయం ఆ చోటు వదిలి, ఊరికి తూర్పున నది ఒడ్డున 185 మీటర్ల జంట టవర్లకు మారి పదేళ్లు దాటింది. గుర్తు మాత్రం పాతచోటే ఉండిపోయింది.

ఆదివారం నిజంగానే అన్నీ మూసేస్తారా?

దుకాణాలు, సూపర్‌మార్కెట్లు, అవును. చట్టమే అలా ఉంది, పండగ రోజుల్లోనూ అంతే. శనివారం సాయంత్రమే పాలు, బ్రెడ్, పండ్లు కొనిపెట్టుకోండి. మర్చిపోతే స్టేషన్‌లోనూ విమానాశ్రయంలోనూ ఉన్న సూపర్‌మార్కెట్లు దిక్కు, అక్కడ ఆదివారం క్యూలు పొడుగ్గా ఉంటాయి. భోజనశాలలు, కఫేలు, మ్యూజియాలు, జూ, పామెన్‌గార్టెన్ అనే వృక్షోద్యానం తెరిచే ఉంటాయి. అందుకే ఆదివారాన్ని మ్యూజియాలకీ, సోమవారాన్ని షాపింగ్‌కీ ఉంచుకోండి. చాలామంది సరిగ్గా తిరగేసి వేసుకుంటారు.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

పేచీ లేకుండా. ఈ ఊరి సొంత వంటకమే శాకాహారం, గుడ్డు తింటే. గ్రూనె జోసె అంటారు. ఏడు రకాల ఆకులు తరిగి, పుల్లటి క్రీమ్‌లో కలిపిన చల్లటి పచ్చ సాస్, ఉడికించిన బంగాళాదుంపలతో, గుడ్లతో వడ్డిస్తారు. పుల్లపుల్లగా ఉంటుంది, గోంగూర అలవాటైన నాలుకకు కొత్తగా అనిపించదు. ఏడు ఆకుల్లో చుక్కకూర లాంటి పులుపాకు ఒకటి. గుడ్డు వద్దంటే ‘ఓనె ఐ’ అనండి.

జాగ్రత్త పడాల్సింది ‘ష్పెక్’ అన్న మాట దగ్గర. అది పంది కొవ్వు మాంసం. వేయించిన బంగాళాదుంపల్లో, సలాడ్లలో, సూపుల్లో మెనూలో గట్టిగా చెప్పకుండానే వచ్చేస్తుంది. ‘మాంసం లేదు కదా’ అని అడిగితే కొందరు అదేమీ లేదంటారు, ష్పెక్‌ను వాళ్లు మాంసం కింద లెక్కేయరు. ‘వెగెటారిష్’ అని అడగడమే సరైనది. ఫ్రాంక్‌ఫర్టర్ సాసేజ్ పంది మాంసం. గొడ్డు మాంసంతో చేసేది ‘రిండ్స్‌వుర్స్ట్’. రెండూ తిననివారు పేర్లు గుర్తుంచుకోండి.

మధ్యాహ్నానికి క్లైన్‌మార్క్ట్‌హాలె అనే కప్పు ఉన్న సంత మంచి చోటు. సాయంత్రం ఆరుకు, శనివారం నాలుగుకు మూసేస్తారు, ఆదివారం లేదు. పప్పులు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ కావాలంటే స్టేషన్ దగ్గర మ్యూన్షెనర్‌స్ట్రాస వైపు ఆసియా దుకాణాలున్నాయి. ఆపిల్ వైన్ ఊరి పానీయం. తియ్యగా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేస్తారు గానీ అది పుల్లటి సారా, ఐదారు శాతం ఆల్కహాల్. సోడా కలిపినదాన్ని ‘జౌర్‌గెష్‌ప్రిట్స్‌టెర్’ అంటారు, మొదటిసారికి అదే నయం.

నీళ్ల సీసా మీద ధర ఒకటి, బిల్లులో ఇంకొకటి ఎందుకుంది?

అది సీసాకి కట్టే డిపాజిట్, ప్ఫాండ్. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకీ, డబ్బాకీ 25 సెంట్లు. మళ్లీ నింపి వాడే సీసాలకు 8 లేక 15. సూపర్‌మార్కెట్‌లో ద్వారం పక్కన మెషీన్ ఉంటుంది. సీసాను నలపకుండా, లేబుల్ చింపకుండా లోపల పెట్టాలి, బార్‌కోడ్ చదవలేకపోతే తిప్పికొడుతుంది. చివర బటన్ నొక్కితే చీటీ వస్తుంది, కౌంటర్‌లో ఇస్తే డబ్బు ఇస్తారు. ఓపిక లేకపోతే సీసాను చెత్తబుట్ట లోపల కాక పక్కన నిలబెట్టండి. ఏరుకుని బతికేవాళ్లు తీసుకెళ్తారు.

అసలు నీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు భేషుగ్గా తాగొచ్చు. కొంటే మాత్రం ‘ష్టిల్’ అని రాసినది చూడండి, లేకపోతే సోడా నీళ్లు చేతికొస్తాయి.

కార్డు చాలా, నగదు కావాలా?

రెండూ. పెద్ద దుకాణాల్లో వీసా, మాస్టర్‌కార్డు చెల్లుతాయి. బేకరీలు, సంతలు, పాత ఆపిల్ వైన్ భోజనశాలల్లో కొన్ని నగదే అడుగుతాయి. మనిషికి 50, 60 యూరోలు జేబులో ఉంచుకోండి. ఏటీఎం ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు మీకు నష్టం. పర్యాటకులు తిరిగే చోట గోడలకు తగిలించిన ప్రైవేటు ఏటీఎంలు కాక ష్పార్కాస్సె లాంటి బ్యాంకు ఏటీఎం వాడండి.

టిప్ బల్ల మీద వదిలేయరు. బిల్లు 27.50 అయితే చెల్లించేటప్పుడే ‘30’ అని చెప్పాలి. ఐదు నుంచి పది శాతం మర్యాద.

ఇంటి నుంచి పచ్చళ్లు, స్వీట్లు పట్టుకెళ్లొచ్చా?

ఆవకాయ, కారప్పొడులు, మురుకులు ఫర్వాలేదు, చెక్-ఇన్ సామానులో గట్టిగా కట్టండి. మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి తేకూడదు. అంటే నెయ్యి, పనీర్, పాలకోవా, చికెన్ పచ్చడి, మాంసం పొడులు, అన్నీ ఇంట్లోనే వదిలేయాలి. తాజా కరివేపాకు, మామిడికాయలకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, అది ప్రయాణికుల దగ్గర ఉండదు. దొరికితే పారేయిస్తారు. బంధువుల ఇంటికి వెళ్లేవారి పెట్టెల్లో ఎక్కువగా పోయేవి ఇవే.

పక్క ఊళ్లకు ఒక రోజులో ఎక్కడికి వెళ్లొచ్చు?

మైన్జ్ ఎస్-బాన్‌లోనే, ముప్పావు గంటలోపు. అచ్చు యంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్ ఊరు అది. హైడెల్‌బర్గ్ దాదాపు గంట. రైన్ లోయ కోటలు చూడాలంటే రూడెస్‌హైమ్‌కు ప్రాంతీయ రైల్లో వెళ్లి, అక్కడి నుంచి పడవ. శీతాకాలంలో పడవలు చాలా తగ్గిపోతాయి. కొలోన్ ఐసీఈలో గంట పైచిలుకు.

ఐసీఈ టికెట్లు ముందుగా కొంటే చవక, కానీ ఆ చవక టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. జర్మన్ రైళ్లు నిమిషం తప్పవన్న మాట పాత సంగతి. ఆలస్యాలు రోజూ ఉంటాయి. గమ్యం చేరడం 20 నిమిషాలకు పైగా ఆలస్యమవుతుందని తేలితే ఆ నిబంధన ఎగిరిపోతుంది, వేరే రైలు ఎక్కొచ్చు. గంట దాటితే ధరలో పావువంతు, రెండు గంటలు దాటితే సగం వెనక్కి అడగొచ్చు. తిరుగు విమానం ఉన్న రోజు ఆఖరి రైలు మీద ఆధారపడకండి, ఒకటి కాదు రెండు రైళ్ల ముందుది ఎక్కండి.

ఫోన్, ప్లగ్ సంగతేంటి?

మన రెండు పిన్నుల చార్జర్ నేరుగా పడుతుంది. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పట్టదు, అడాప్టర్ తీసుకెళ్లండి. ప్రీపెయిడ్ సిమ్‌కు పాస్‌పోర్టుతో గుర్తింపు తనిఖీ తప్పనిసరి, దానికే గంట పోవచ్చు. ఈ-సిమ్ ఇంట్లోనే వేసుకుని వెళ్తే గొడవ లేదు.

ఒంట్లో బాగోకపోతే?

ప్రాణం మీదికొస్తే 112, పోలీసులకు 110. రాత్రిపూట జ్వరం లాంటివాటికి 116117, ఆ లైన్‌లో డ్యూటీ డాక్టర్ ఎక్కడున్నారో చెబుతారు. మందులు అపొటేకె అన్న దుకాణంలోనే దొరుకుతాయి. డీఎం, రోస్‌మన్ లాంటివి చూడ్డానికి మందుల షాపుల్లా ఉన్నా అక్కడ పారాసిటమాల్ కూడా ఉండదు. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. రోజూ వేసుకునే మందులు సరిపడా, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోండి.

కొన్న వస్తువుల మీద పన్ను వెనక్కి వస్తుందా?

వస్తుంది, మీరు యూరోపియన్ యూనియన్ బయట ఉండేవారైతే. ఒక బిల్లు 50 యూరోలు దాటాలి. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి ట్యాక్స్ ఫ్రీ ఫారం అడగాలి, తర్వాత అడిగితే ఇవ్వరు.

పొరపాటు జరిగేది విమానాశ్రయంలో. వస్తువులు చెక్-ఇన్ పెట్టెలో ఉంటే, కౌంటర్ దగ్గర ముందే చెప్పి, ట్యాగ్ వేయించుకుని పెట్టెను వెనక్కి తీసుకోండి. దాన్ని కస్టమ్స్, అంటే ‘ట్సోల్’ కౌంటర్‌కు తీసుకెళ్లి వస్తువులు చూపించి ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. పెట్టెను అక్కడే తీసుకుంటారు. ఆ తర్వాతే డబ్బు ఇచ్చే కౌంటర్. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక ముద్ర అడిగితే చూపించడానికి వస్తువు ఉండదు, డబ్బూ ఉండదు. వేసవిలో ఈ క్యూ ఒక్కటే గంట పడుతుంది. జర్మనీ పన్ను 19 శాతమైనా, మధ్యవర్తి సంస్థ రుసుము పోను చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. 60 యూరోల బిల్లు కోసం ఆ క్యూలో నిలబడటం దండగ.

పాస్‌పోర్టు పోతే?

ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి, నకలు తీసుకోండి. స్టేషన్‌లో పోయి ఉంటే అక్కడి లాస్ట్ అండ్ ఫౌండ్‌లో కూడా ఒకసారి అడగండి. భారత కాన్సులేట్ జనరల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉంది, వేరే ఊరికి పరుగెత్తక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఈ-మెయిల్‌లో ఉంచుకున్నవారికి పని త్వరగా అవుతుంది. అయితే కాన్సులేట్‌కు శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం సాయంత్రం పోగొట్టుకుంటే సోమవారం దాకా ఆగాలి. తిరుగు ప్రయాణం ఆలోపే ఉంటే కాన్సులేట్ వెబ్‌సైట్‌లోని అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, విమాన టికెట్టు మార్చుకునే పని అదే రాత్రి మొదలుపెట్టండి.